పోర్షను తలుపుకు రెండు గడియలు

మొన్న ఆదివారం మా మనవరాలు పుస్తకాల సంచీ తెచ్చి నా రాతబల్ల మీద ధడాలున పడేసి, "అమ్మమ్మా, పోర్షన్స్ అన్నీ అయిపోయాయి, ఇంక రివిజనే" అంది. బెంగళూరు బళ్ళలో పరీక్షకు చదవాల్సిన పాఠాలను పోర్షన్స్ అంటారు. ఆ మాట వినగానే నాకు కిరసనాయిలు స్టవ్వు వాసన, తడిసిన సిమెంటు సందు వాసన కలిసి ముక్కుకు తగిలాయి. "పోర్షన్ అంటే ఏమిటో తెలుసా నీకు?" అని అడిగాను. "పాఠం" అంది. "కాదే, ఇల్లు" అన్నాను. అమ్మమ్మకు మతి తప్పుతోందని నిర్ధారణ చేసుకుని, అది బల్ల కిందికి దూరి బొమ్మలు వేసుకోవడం మొదలుపెట్టింది. నేను ఊరుకుంటానా? నిఘంటువు తీశాను. లాటిన్ నుంచి ఫ్రెంచి దారిన ఇంగ్లీషులోకి వచ్చిన మాటట. మొదటి అర్థం వాటా. తర్వాత ఒక మనిషికి వడ్డించే తిండి. పాతకాలంలో తల్లిదండ్రులు పిల్లలకు పంచిచ్చే ఆస్తి. ఇంకా పాతది, ఒకరి నుదుట రాసి ఉన్నది. అన్నీ ఉన్నాయి కానీ, మధ్యలో తలుపు బిగించి బాడిగకిచ్చిన సగం ఇల్లు అన్న అర్థం మాత్రం లేదు. ఆ నిఘంటువు రాసినాయన బెంగళూరు బొమ్మనహళ్ళిలో కాపురం చేసి ఉండడు, పాపం.

మేము చేశాం. పెళ్ళయిన కొత్తలో, మదనపల్లె పక్కనుంచి రెండు ట్రంకుపెట్టెలతో దిగి, మునిరత్నమ్మ ఇంట్లో ముందు పోర్షనులో చేరాం. మా ఆయనకు బొమ్మసంద్రలో యంత్రాల విడిభాగాలు చేసే ఫ్యాక్టరీలో ఉద్యోగం. పగలంతా ముక్కలు చేసి, వచ్చి ముక్కలో పడుకునేవాడు. ఒకప్పుడు అది ఒకటే ఇల్లు. ఆ చుట్టుపక్కల అంతా రాగిచేలుగా ఉన్న కాలంలో మునిరత్నమ్మ వాళ్ళ నాయన కట్టించాడు. ముందు హాలు, నడిమి గదులు, వెనక పెద్ద వంటిల్లు, పక్కన ధాన్యం పోసుకునే కొట్టు, దాని వెనక పశువుల కొట్టం. భర్త పోయాక, పిల్లలు లేక, అంత ఇంట్లో ఒక్కతే ఉండలేక మునిరత్నమ్మ ముందు హాలును బాడిగకిచ్చింది. "మనుషుల సద్దు లేకుంటే నాకు కూడు దిగదప్పా" అనేది. తర్వాత నడిమి గదులు ఇచ్చింది. ప్రతి పోర్షనుకూ సందులోకి ఒక వాకిలి కొట్టించింది. లోపలి నడిమి తలుపులు మాత్రం అలాగే ఉంచి, వాటికి రెండు పక్కలా గడియలు పెట్టించింది. అటువాళ్ళు అటు వేసుకోవాలి, ఇటువాళ్ళు ఇటు వేసుకోవాలి. అది ఆమె పెట్టిన చట్టం. ఇద్దరూ తీస్తేనే తలుపు తెరుచుకుంటుంది కాబట్టి అది ఎన్నడూ తెరుచుకునేది కాదు. మా వైపు తలుపుకు మేము ఇనప బీరువా ఆనించాం. దాని అవతల ఎవరి తాళింపు చిటపటలాడుతోందో వాసనబట్టి తెలిసేది.

అవతల సుగుణ సిస్టరు ఉండేది. గుంటూరు వైపు మనిషి, ఆసుపత్రిలో నర్సు. ఆమె భర్త దానియేలు మాస్టారు ప్రైవేటు బడిలో లెక్కలు చెప్పేవాడు. అబద్ధమాడని మనిషి. అడక్కపోయినా నిజం చెప్పేవాడు, అదే ఆయనతో వచ్చిన చిక్కు. వెనక పోర్షనులో అనంతపురం నుంచి వచ్చిన రామాంజులు మేస్త్రి, ఆయన భార్య లక్ష్మమ్మ. పోర్షను అన్నదాన్ని సుగుణ వాటా అనేది, రామాంజులు బాగం అనేవాడు, పక్కవీధి కన్నడమ్మలు మొత్తాన్ని కలిపి వఠార అనేవాళ్ళు. మునిరత్నమ్మకు మాత్రం అది పోర్షనే. ఆ మాట పలికేటప్పుడు ఆమె మెడ రవ్వంత పైకి లేచేది.

రామాంజులుకు వెనక పోర్షను ఇచ్చిన కథ ఆమే చెప్పేది, తన మీద తానే నవ్వుకుంటూ. అతను వచ్చి అడిగిననాడు మనిషి నెమ్మదస్తుడిలా కనబడ్డాడని, "వెనక పోర్షను ఖాళీగా ఉండాది, వచ్చేయప్పా" అని మాటిచ్చేసింది. తాను కొట్టుగదిలోకి పరుపు మార్చుకుంది. మర్నాడు పొద్దున్నే కాఫీ పెట్టుకుందామని అలవాటుగా వంటింట్లోకి పోతే, అక్కడ లక్ష్మమ్మ పొయ్యి అలుకుతోంది. అప్పుడు తెలిసింది, ఇల్లంతా పంచడంలో వంటిల్లు కూడా పంచేశానని. ఇచ్చిన మాట వెనక్కి తీసుకోవడం ఆమె వంశంలో లేదు. గడపలోనే నిలబడి, "ఏమే, పొయ్యి బాగుండాదా?" అని అడిగి తిరిగొచ్చేసిందట. లక్ష్మమ్మకు సంగతి అర్థమై, వెనకాలే ఒక లోటా కాఫీ పట్టుకెళ్ళింది. అక్కడినుంచి ఆ ఇంట్లో ఒక ఆచారం మొదలైంది. బాడిగతోపాటు ఓనరమ్మకు భోజనం, వంతులవారీగా ఒక్కో పోర్షను నుంచి.

మా వంతు వచ్చిన రోజు చారు పదిసార్లు రుచి చూసుకునేదాన్ని. అప్పుడప్పుడే వంట నేర్చుకుంటున్నదాన్ని. ఆమె కంచం ఆమే పట్టుకుని వచ్చి, మా గడప పక్కన పీట వేసుకుని కూర్చుని, చారు ఒక గుటక తాగి కళ్ళు మూసుకునేది. ఆ కళ్ళు తెరిచేదాకా నేను గరిటె పట్టుకుని నిలబడే ఉండేదాన్ని. "సారులో చింతపండు ఉండాది, ఉప్పు ఉండాది, మిరియాలూ ఉండాయి. సారు మాత్రం లేదు" అనేది. ఒకసారి వంకాయ అడుగంటితే, "ఈ నెలాకరుకు కాలీ చేసేయండప్పా" అంది. మా ఆయన నిజమే అనుకుని ట్రంకుపెట్టె దించాడు కూడా. తర్వాతి వంతుకు ఏమీ ఎరగనట్టు కంచంతో హాజరు. సుగుణ గోంగూర పెట్టిన రోజు మాత్రం నోరు మెదపకుండా మారు వడ్డించుకునేది. అందుకు నాకు సుగుణ మీద కొంచెం మంటగా ఉండేది.

ఇలా రోజులు గడుస్తుండగా ఒక బుధవారం, మూలనున్న అంగడాయన సందులోకి వచ్చి నిలబడ్డాడు. వీధి మొత్తానికి అతని అంగట్లో ఉన్నదొక్కటే ఫోను. "ఓనరమ్మా, కోలారు నుంచి మీ అక్క ఫోను చేసినారు. రేపు బేస్తవారం వస్తా ఉండారంట" అని చెప్పి పోయాడు. మునిరత్నమ్మ బట్టలుతికే బండ మీద కూలబడింది. ఆ మనిషి ముఖంలో భయం చూడడం మాకు అదే మొదటిసారి.

అందరం చుట్టూ చేరాం. అప్పుడు చెప్పింది. "మా నాయన పొయ్యేటప్పుడు ఇల్లు ముక్కలు చేయొద్దన్నాడు. మా అక్క నా చెయ్యి పట్టుకోని ఒట్టేయించుకునింది. ఇన్నేండ్లు దానికి చెప్పకుండా మోసుకొస్తి. ఇప్పుడు ఇది చూసిందంటే నన్ను ఈడ ఒక్క దినం ఉండనీదు. కోలారుకు ఎత్తకపోయి దాని కొడుకులింట్లో ఒక మూల కూర్చోబెడ్తాది. ఇంటికి బీగం వేస్తాది."

"మరి మేము?" అంది లక్ష్మమ్మ.

"మీరంతా కాలీ" అంది మునిరత్నమ్మ. ఈసారి ఆ మాట వంకాయ మాడినప్పటి మాటలా లేదు. కళ్ళనిండా నీళ్ళు పెట్టుకుంది. ఎక్కడికి పోతాం? కొత్త ఇల్లు వెతుక్కోవచ్చు, అది పెద్ద మాట కాదు. కానీ మా గడపలో కూర్చుని నా చారును తిట్టడానికి ఆ ఇంట్లో ఎవరు దొరుకుతారు?

ఉపాయం సుగుణ చెప్పింది. "ఏముందండీ, ఒక్క పూట నడిమి తలుపులు తీసేద్దాం. ఇల్లు ఒకటైపోతుంది. మనమంతా చుట్టపుచూపుగా వచ్చామనుకుంటారు." దానియేలు మాస్టారు వెంటనే, "నేను మాత్రం అబద్ధమాడనండీ" అన్నాడు. "మిమ్మల్ని ఆడమన్నదెవరు, నోరు మూసుకుని కూర్చోండి చాలు" అంది ఆమె.

ఆ మధ్యాహ్నమంతా ఇల్లు కలిపే పని. బీరువా జరిపేసరికి తల ప్రాణం తోకకొచ్చింది. మా పక్క గడియ ఏళ్ళతరబడి వేసిన సున్నానికి బిగుసుకుపోయి రాలేదు. రామాంజులు ఉలి పెట్టి సున్నం గీకి, సుత్తితో తట్టి తీశాడు. అవతల సుగుణ తన గడియ తీసింది. తలుపు కిర్రుమని తెరుచుకుంది. తలుపుకు ఆ పక్కన ఆమె, ఈ పక్కన నేను. సందులో రోజూ మాట్లాడుకునేవాళ్ళమే అయినా, పరాయి మనుషుల్లా ఇద్దరం ఒకరినొకరు చూసుకుని సిగ్గుపడ్డాం. ఆమె అలమరలో నా ఇత్తడి గరిటె కనబడింది. నా గూట్లో ఆమె అట్లకాడ కనబడింది. ఇద్దరం చూడనట్టే ఊరుకున్నాం. తర్వాత వంటింటి వైపు తలుపూ తెరిచాం. ముందు హాల్లోంచి గాలి సరాసరి వెనకదాకా దూసుకుపోయింది. గోడల మీది క్యాలెండర్లన్నీ ఒక్కసారిగా లేచి ఆడాయి. మునిరత్నమ్మ ఆ గాలికి ఎదురుగా నిలబడి, "మా నాయన ఉన్నప్పుడు ఇట్లనే కొట్టేది" అంది.

ఇంక దాచిపెట్టే పని. ఒక ఇంట్లో మూడు స్టవ్వులు ఎందుకుంటాయి? రెండింటిని మంచాల కింద తోసి దుప్పట్లు వేలాడదీశాం. సుగుణ గదిలో గోడమీద యేసుప్రభువు పటం ఉంది. ఏం చేయాలో తెలీక అందరం మునిరత్నమ్మ ముఖం చూశాం. "ఉండనీండి. దేవుణ్ణి యాడికి కాలీ చేపిస్తాం?" అంది. అందరికంటే పెద్ద తగాదా వంట దగ్గర వచ్చింది. ఒక ఇంట్లోంచి మూడు చారుల వాసన రాకూడదని అంతా కలిసి ఒకే వంట చేయాలనుకున్నాం. లక్ష్మమ్మ సంగటి అంది, సుగుణ గోంగూర అంది, నేను పప్పు అన్నాను. ఎవరూ తగ్గలేదు. చివరికి మూడూ చేశాం. చారు మాత్రం నన్నే పెట్టమంది మునిరత్నమ్మ. ఎందుకో ఇప్పటికీ నాకు తెలీదు.

మర్నాడు పదిన్నరకు ఆటో వచ్చి ఆగింది. నారాయణమ్మ దిగింది. చెల్లెలికంటే పొడుగు, ఎముకల మనిషి, భుజాన ఒక గుడ్డసంచీ. వసారాలోకి ఎక్కి ఒక్క క్షణం నిలబడి గోడకేసి చూసింది. ఆయాసం తీర్చుకుంటోందనుకున్నాం. లోపలికొచ్చి ఇల్లంతా ఒక చుట్టు చుట్టింది. తెరిచిన తలుపుల గుండా ముందునుంచి వెనకదాకా నడిచి, తలుపుల మీద చెయ్యి వేసి నిమిరింది. "ఇల్లు బాగా పెట్టుకోని ఉండావే రత్నా" అంది.

"ఈయమ్మెవరు?" అంది నన్ను చూసి. "మదనపల్లె నుంచి వచ్చింది, మన కులస్తులే, సుమ్మనే చూసిపోదామని" అంది మునిరత్నమ్మ. సుగుణ యూనిఫారంలోనే ఉంది కాబట్టి, "నా బీపీ చూడ్డానికి వచ్చింది" అని చెప్పింది మునిరత్నమ్మ. సుగుణ నిజంగానే బీపీ చూసింది, నిజంగానే ఎక్కువుంది. రామాంజులు తాపీ పట్టుకుని, బాగున్న గోడకే ఒకటికి రెండుసార్లు సిమెంటు పూస్తున్నాడు. పటం ముందు నిలబడి నారాయణమ్మ చేతులు జోడించి కళ్ళకద్దుకుంది. పక్కనే కుర్చీలో బిగుసుకుని కూర్చున్న మాస్టారిని, "నువ్వెవురప్పా?" అని అడిగింది. మాస్టారు చాలాసేపు ఆలోచించి, "దేవుని బిడ్డనండీ" అన్నాడు. "మంచిది" అని ఆమె ముందుకు సాగింది.

భోజనాలకు హాల్లో వరసగా చాపలు వేశాం. అందరూ ఒకే పంక్తిలో కూర్చోవడం ఆ ఇంట్లో అదే మొదలు. నారాయణమ్మ తినడం ఆపి పక్కనున్న మా మంచానికి ఆనుకుని, చారు గ్లాసు చేతిలోకి తీసుకుంది. సరిగ్గా అప్పుడు మా ఆయన వచ్చాడు. ఫోను రాకముందే డ్యూటీకి పోయిన మనిషి. ఎవరో రాలేదని షిఫ్టు మీద షిఫ్టు చేయించుకున్నారట. నిద్రకళ్ళతో, టిఫిను డబ్బాతో గడపలో నిలబడ్డాడు. బీరువా జరిగి ఉంది. తలుపులు తెరిచి ఉన్నాయి. తన మంచానికి ఆనుకుని ఎవరో ముసలామె చారు తాగుతోంది. ఇల్లు వెతుక్కునే వాళ్ళు వారానికొకరు ఆ సందులోకి వచ్చేవాళ్ళు కాబట్టి, మా ఆయన మర్యాదగానే అడిగాడు.

"ఏమ్మా, పోర్షను చూడ్డానికి వచ్చినారా?"

సుగుణ చేతిలో గోంగూర ముద్ద అలాగే ఆగిపోయింది. మునిరత్నమ్మ కళ్ళు గట్టిగా మూసుకుంది. నారాయణమ్మ గ్లాసు నెమ్మదిగా కింద పెట్టి మా ఆయనను ఎగాదిగా చూసింది.

"అవునప్పా, ఖాళీ ఉండాదా?" అంది.

వెటకారమనుకున్నాం. మునిరత్నమ్మ వచ్చి ఆమె కాళ్ళ దగ్గర కూర్చుంది. "తప్పైపోయిందక్కా. ఒంటిగా ఉండలేకపోతి. సంచీ సర్దుకుంటా, పోదాం పద. వీళ్ళను మాత్రం ఏమీ అనొద్దు" అంది. నారాయణమ్మ ఆమె తలమీద చిన్న మొట్టికాయ వేసింది.

"ఎవురన్నారు పోదామని? వసారాలో అడుగు పెట్టంగానే చూసినా. స్టవ్వులు దాచినారు, సామాను దాచినారు. గోడమీద వరసగా నాలుగు కరెంటు మీటర్లు, వాటికింద సాక్‌పీసుతో పేర్లు. అవి ఎవురికీ కండ్లకు ఆనలేదా?"

అందరం ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాం. రోజూ వాటి పక్కనుంచే పోతాం, వాటి కిందే చెప్పులు విడుస్తాం. ఒక్కరికీ గుర్తు రాలేదు. రామాంజులు తాపీ కింద పెట్టేసి, "పొద్దున్నుంచి ఉత్తపుణ్యానికి పూస్తిని కదమ్మా" అన్నాడు. నవ్వు ఎవరితో మొదలైందో తెలీదు కానీ, చివరికి మాస్టారు కూడా నవ్వాడు.

నవ్వులు తగ్గాక నారాయణమ్మ మళ్ళీ అడిగింది, ఈసారి చెల్లెలిని. "నిజంగానే అడుగుతా ఉండా. నాకొక పోర్షను ఉండాదా? కోలార్లో ఇల్లు పెద్దదే. ముగ్గురు కొడుకులు, ముగ్గురు కోడండ్లు, పిల్లోళ్ళు. తిండికి కొదవలేదు, మర్యాదకూ కొదవలేదు. నడిమి హాల్లో నా మంచం. అందరూ నన్ను దాటుకోనే పోవల్ల, రావల్ల. ఆ ఇంట్లో నేను వేసుకునే గడియ ఒక్కటి లేదే రత్నా." ఆ మాటకు ఎవరికీ నవ్వు రాలేదు. చెల్లెలిని తీసుకుపోవడానికి వచ్చిందనుకుని మేము భయపడిన మనిషి, తానే సంచీ సర్దుకుని వచ్చిందన్నమాట. తర్వాత చారు గ్లాసు ఎత్తి, "ఈ సారెవురు పెట్టినారు? ఉప్పు లేదు" అంది. అక్కాచెల్లెళ్ళని అప్పుడు నాకు పూర్తిగా నమ్మకం కుదిరింది.

ఖాళీ పోర్షను లేదు. ఉన్నది కొట్టుగది ఒక్కటే. మునిరత్నమ్మ క్షణం ఆలోచించకుండా దాన్నీ రెండు పోర్షన్లు చేయమంది. రామాంజులు నడిమిన అడ్డగోడ లేపి, పశువుల కొట్టం తలుపు ఊడదీసి అక్కడ బిగించాడు. రెండు పక్కలా గడియలు పెట్టాడు. అది ఇంటి చట్టం కదా. తర్వాత తలుపుకూ గడియలకూ కలిపి ఆకుపచ్చ రంగు పూశాడు. ఒక్కో మంచం, ఒక్కో కిటికీ. మొదటిరోజు నారాయణమ్మ తన పక్క గడియ వేసుకుని మధ్యాహ్నమంతా బయటికి రాలేదు. మునిరత్నమ్మకు కాలు నిలవలేదు. తలుపు కొట్టి, "అక్కా, ఏం చేస్తా ఉండావే?" అంది. లోపల్నుంచి జవాబు వచ్చింది. "ఏమీ చేయలా. అందుకే గడియ వేసుకున్నా."

మా నడిమి తలుపులు మళ్ళీ మూసుకున్నాం. బీరువా మళ్ళీ ఆనించాం. గరిటె, అట్లకాడ మాత్రం ఎవరివి వాళ్ళకు చేరాయి. వంతుల భోజనానికి ఇప్పుడు ఒకటికి రెండు కంచాలు వచ్చేవి. నా చారును ఇద్దరు కలిసి తిట్టేవాళ్ళు, తిట్టడంలోనూ పోటీ. వాళ్ళిద్దరికీ వారానికొకసారి ఏదో ఒకదానికి చెడేది. పెద్దామె ధడేలున గడియ వేసేది, సాయంత్రానికి తీసేది. ఆ చప్పుడు మా హాలుదాకా వినబడేది. అలా చాలా ఏళ్ళు బతికారు. కొత్త శతాబ్దం వచ్చాక, ఒకరి వెనక ఒకరు పోయారు. ఇల్లు దాయాదులు అమ్మేశారు. అప్పటికి మేమంతా తలా ఒక దిక్కుకు చెదిరాం. ఇల్లు పడగొడుతున్నారని తెలిసి వెళ్ళాను. చెక్కసామాను కొనేవాణ్ణి బతిమాలి కొట్టుగది తలుపు తెచ్చుకున్నాను. కాళ్ళు పెట్టించి రాతబల్ల చేయించుకున్నాను. ఇప్పుడు నేను రాస్తున్నది దాని మీదే. పెద్దామె వైపు పైకి వచ్చింది. గడియ తీసేసిన చోట చెక్క నున్నగా అరిగి, చిన్న గాడి పడి ఉంది. రాసేటప్పుడు పెన్ను అందులో పెట్టుకుంటాను.

ఇప్పుడు మాది మూడు పడకగదుల అపార్ట్‌మెంటు. ఎవరి తలుపు వాళ్ళకుంది, ఎవరి గడియ వాళ్ళకుంది, ఎవరి తాళంచెవి వాళ్ళకుంది. పక్కింట్లో ఏం వండుకుంటారో వాసన కూడా రాదు. సుఖంగానే ఉంది, అబద్ధమెందుకు చెప్పాలి. చారు కూడా ఇప్పుడు బాగానే పెడతాను. బాగుందో లేదో చెప్పేవాళ్ళు మాత్రం లేరు. ఇంట్లో వాళ్ళు ఫోను చూసుకుంటూ తాగేసి గ్లాసు సింకులో పెడతారు.

నిఘంటువు మూసేసి ఇవన్నీ తలుచుకుంటూ ఉంటే, బల్ల కిందినుంచి మా మనవరాలు పిలిచింది. "అమ్మమ్మా, ఇక్కడ కింద ఒక గడియ ఉంది. కదలడం లేదు."

"తుప్పు పట్టి ఉంటుందిలే" అన్నాను.

"తుప్పు లేదు. రంగు అంటుకుపోయింది."

ఇన్నేళ్ళుగా దాని మీద రాసుకుంటున్నా, ఎప్పుడూ కిందికి తొంగిచూడలేదు. మోకాళ్ళు నొప్పి పెడుతున్నా కిందికి వంగి, పిల్ల పక్కనే వెల్లకిలా పడుకుని చూశాను. అది మునిరత్నమ్మ వైపు. తీసి ఉన్న గడియకూ తలుపుకూ కలిపి రామాంజులు ఆనాడు పూసిన ఆకుపచ్చ రంగు, పూసింది పూసినట్టే ఉంది. ఎక్కడా ఒక్క గీత కూడా లేదు.